మెమోరియల్ డేకి బౌండరీ వాటర్స్ వెళ్లొచ్చా, జూన్ దాకా ఆగాలా?

ఈడెన్ ప్రెయిరీ బావ:
నమస్తే అందరికీ. మేం మినియాపోలిస్ దగ్గర ఉంటాం, మొత్తం పది మందిమి, అందులో ముగ్గురికి ఈత రాదు. స్టేట్ పార్కుల్లో కారు పక్కనే టెంట్ వేసుకుని, కూలర్ నిండా సామాను పెట్టుకునే క్యాంపింగ్ అలవాటే గానీ, వీపున బ్యాగు వేసుకుని అడవిలోకి వెళ్లి పడుకోవడం అందరికీ కొత్త. మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారం సెలవు) వీకెండ్‌కి ఇంకో రెండు రోజులు సెలవు కలిపి, ముందు మిన్నెసోటా పైన బౌండరీ వాటర్స్ అనే లేకుల అడవిలో కనూలు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) వేసుకుని రెండు రాత్రులు, తర్వాత కిందికి దిగి సుపీరియర్ హైకింగ్ ట్రైల్ అనే నడకదారి మీద రెండు రాత్రులు అనుకుంటున్నాం. దోమలు రాకముందే వెళ్లొస్తే హాయి కదా అని ఒకడు, ఆ చలికి చస్తాం జూన్‌లో పోదాం అని ఇంకొకడు, వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గోల. పర్మిట్ సంగతేంటి, తిండి ఎలా (సగం మంది వెజ్), ఈత రానివాళ్లను తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. అన్నట్టు ఆవకాయ లేకుండా మా బావమరిది ఎక్కడికీ రాడు.

దులూత్ వాసి:
బ్రో, ముందు తలలు లెక్కపెట్టుకోండి. బౌండరీ వాటర్స్‌లో ఒక గ్రూపుకి 9 మంది, 4 పడవలు, అంతకు మించి ఒప్పుకోరు. పది మంది అంటే రెండు పర్మిట్లు కావాలి, అవి తీసుకున్నా లోపల ఎక్కడా అందరూ కలవకూడదు, రాత్రికి ఒకే సైట్‌లో కూర్చుని పేకాడదాం అంటే కుదరదు. ఐదుగురు ఐదుగురుగా విడిపోవడమే నయం.

మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్ (రోజుకి ఇన్ని అని లెక్కగా ఇచ్చేది) తప్పదు. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో జనవరి ఆఖర్లో ఓపెన్ అవుతాయి, లాంగ్ వీకెండ్లకి పేరున్న ఎంట్రీ పాయింట్లు (లోపలికి దిగే చోట్లు) ఇట్టే అయిపోతాయి. శనివారం బదులు మంగళవారమో బుధవారమో దిగుతామంటే దొరికే అవకాశం బాగా ఎక్కువ, క్యాన్సిలేషన్లు కూడా వస్తుంటాయి, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. పర్మిట్ మీద ఉండేది ఎంట్రీ పాయింటూ, లోపలికెళ్లే తేదీ. క్యాంప్‌సైట్‌కి రిజర్వేషన్ ఉండదు, ఖాళీగా కనపడ్డదాంట్లో దిగడమే, కాబట్టి మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఏదో ఒకటి పట్టేయండి. ఇంకో లేక్ దాటి ఇంతకన్నా మంచిది చూద్దాం అనుకుంటూ పోతే సాయంత్రానికి ఎక్కడ చూసినా వేరేవాళ్ల టెంట్లే ఉంటాయి.

మొదటిసారికి సాబిల్ లేక్ బాగుంటుంది. టోఫ్టే అనే ఊరి నుంచి లోపలికి 24 మైళ్లు. అక్కణ్నుంచి ఆల్టన్ లేక్‌కి పోర్టేజ్ (పడవ మోసుకుంటూ ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి నడిచే దారి) 30 రాడ్లే. ఇక్కడ పోర్టేజ్ దూరాలన్నీ రాడ్లలోనే చెప్తారు, రాడ్ అంటే 16.5 అడుగులు, మైలుకి 320. మ్యాపులో 30 ఉంటే పిల్లలాట, 200 ఉంటే మాత్రం కాస్త ఆలోచించండి, ఎందుకంటే పడవ నెత్తిన పెట్టుకుని ఒకసారి, వెనక్కొచ్చి బ్యాగులతో ఇంకోసారి నడవాలి. అద్దెకి తీసుకునేటప్పుడు కెవ్లార్ కనూ అడగండి, 40 పౌండ్ల పైచిలుకు ఉంటుంది, అల్యూమినియందైతే 70 దాకా.

పుల్లట్టు:
తేదీ గురించి నా మాట. అందరూ రాత్రి చలి గురించే టెన్షన్ పడతారు, దానికి మంచి స్లీపింగ్ బ్యాగుంటే సరిపోతుంది. భయపడాల్సింది నీళ్లకి. ఆ లేకుల మీద మంచు మామూలుగా ఏప్రిల్ ఆఖర్లోనో మే మొదట్లోనో కరుగుతుంది, కొన్నేళ్లు ఇంకా ఆలస్యం, పైన ఎండ కాస్తోంది కదా అని మూడు వారాల్లో నీళ్లు వేడెక్కవు. పడవ తిరగబడిందంటే ఈత వచ్చినవాడికి కూడా మొదటి నిమిషం ఊపిరి అందదు, కాసేపటికి చేతులు మాట వినవు. మిన్నెసోటా చట్టం ప్రకారం మనిషికొక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలి, పదేళ్లలోపు పిల్లలకి వేసే తీరాలి. మీరు మాత్రం అందరూ వేసుకోండి, ఒడ్డు మీద కాలు పెట్టేదాకా జిప్పు తీయొద్దు. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, పెద్ద లేక్ నడిమధ్యకి వెళ్లకుండా ఒడ్డు వెంబడే పోండి.

ఇక మేలో హాయి అన్న మీవాడి వాదన సగమే నిజం. దోమలు జోరందుకునేలోపు బ్లాక్ ఫ్లైస్ అనే కుట్టే చిన్న ఈగలు వస్తాయి, మే ఆఖరు నుంచి జూన్ సగం దాకా వాటిదే రాజ్యం. చెవుల వెనక, జుట్టు మొదట్లో కుడతాయి, కుట్టేటప్పుడు తెలీదు, చెయ్యి పెడితే రక్తం అంటుతుంది. లేత రంగు ఫుల్ చేతుల చొక్కా, తలకి వల ఉంటే బతికిపోతారు. టిక్స్ (పిడుదులు) కూడా అప్పుడే ఎక్కువ, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, పర్మెత్రిన్ అనే పురుగుల మందు బట్టలకి ముందే కొట్టి ఆరబెట్టండి, ఒంటికి మాత్రం రాయకూడదు. నన్నడిగితే ఈత రానివాళ్లతో మే వద్దు, జూన్ మూడో వారం తర్వాత చూసుకోండి. దోమలకి మందుంది, ఆ చల్లటి నీళ్లకి లేదు.

గోంగూర గ్యాంగ్:
బావమరిదిగారికి కబురు: బౌండరీ వాటర్స్‌లోకి గాజు సీసాలు, ఫుడ్ క్యాన్లు తీసుకెళ్లకూడదు. ఆవకాయ గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, దాన్ని రెండు జిప్‌లాకుల్లో పెట్టండి, నూనె కారిందంటే స్లీపింగ్ బ్యాగు దాకా వాసనే. స్టవ్ గ్యాస్ సిలిండరు, మందులు, దోమల మందు పర్వాలేదు.

తిండికి అంత హైరానా అక్కర్లేదు. ఉప్మా రవ్వ ఇంట్లోనే తాలింపుతో సహా దోరగా వేయించి మనిషికింత అని ప్యాకెట్లు కట్టుకుంటే అక్కడ వేడినీళ్లు పోయడమే. అటుకులు, పులిహోర పేస్టు, ఇన్‌స్టంట్ రైస్, కారప్పొడి. పప్పు కావాలంటే పెసరపప్పు, కందిపప్పు ఉడికేలోపు గ్యాస్ అయిపోతుంది. మొదటి రాత్రికి ఇంటి నుంచి చపాతీలు. మంట మీద వండుకుందాం అనుకోకండి, చెట్లు పచ్చబడేలోపు అడవి ఎండిపోయి ఉంటుంది, మంటల మీద నిషేధం పెట్టేస్తారు ఒక్కోసారి, స్టవ్ ఉండాల్సిందే.

ఎలుగుబంట్ల కోసం తిండి సంచీ కొమ్మకి కట్టాలి, నేల నుంచి 12 అడుగులు పైన, చెట్టు మొదలుకి 6 అడుగులు దూరంగా. చీకటి పడ్డాక ఆ కొమ్మ వెతకడం నరకం, అందుకే మా గ్యాంగ్ మొత్తం ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలకి మారిపోయాం. టూత్‌పేస్టు, చెత్త కూడా అందులోకే.

ఈడెన్ ప్రెయిరీ బావ:
థాంక్యూ అండీ, చాలా విషయాలు తెలిశాయి. బావమరిది డబ్బాకి ఒప్పుకున్నాడు. మరి హైకింగ్ ట్రైల్ కూడా అదే ట్రిప్‌లో పెట్టుకోవచ్చా?

వీపుమూట:
రెండూ కలపొద్దు. కనూ ట్రిప్‌కి కట్టే మూట వేరు, వీపున వేసుకుని రోజంతా నడిచే మూట వేరు, రెండు రకాల సామాన్లూ కార్లో కుక్కి మధ్యలో సర్దుకోవడంతోనే ఒక పూట పోతుంది. దానికంటే ఈత రానివాళ్లు ట్రైల్‌కి వెళ్లండి, మిగతావాళ్లు పడవలకి. సుపీరియర్ హైకింగ్ ట్రైల్ 300 మైళ్ల పొడుగు, పర్మిట్ లేదు, ట్రైల్ మీది సైట్లకి డబ్బులు కట్టక్కర్లేదు, ముందొచ్చినవాళ్లకి ముందు. సిల్వర్ బే దగ్గర బీన్, బేర్ లేకులు అని కొండ మీంచి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, మొదటిసారికి అది చాలు. బురదుంటే పక్కనుంచి తిరగకుండా మధ్యలోంచే నడవండి, లేకపోతే దారి ఏటికేడు వెడల్పయిపోతుంది.

లేక్ సుపీరియర్‌లోని ఐల్ రాయల్ దీవి గురించి ఎవరైనా ఊరిస్తే మాత్రం వచ్చే ఏడాదికి పెట్టుకోండి. ఎలుగులు లేవు, దీవి చాలా బాగుంటుంది, కానీ ఏడుగురు, అంతకన్నా ఎక్కువైతే గ్రూప్ క్యాంపింగ్ ముందే బుక్ చేసుకోవాలి, నీళ్లలో టేప్‌వార్మ్ గుడ్లుంటాయి కాబట్టి క్లోరిన్ బిళ్లలు పనిచేయవు, ఫిల్టర్ చేయాలి లేదా మరిగించాలి.

ఈడెన్ ప్రెయిరీ బావ:
సరే, జూన్ ఆఖరు వారం, బుధవారం ఎంట్రీ. ఐదుగురం పడవలు, ఐదుగురు నడక, చివరి రోజు గ్రాండ్ మరే ఊళ్లో కలుస్తాం. పర్మిట్ తీసుకోవడానికి టోఫ్టేకి ఐదుగురూ రావాలా?

దులూత్ వాసి:
అక్కర్లేదు, గ్రూప్ లీడర్‌గా పేరిచ్చినవాళ్లు ఐడీతో వస్తే చాలు. బుక్ చేసేటప్పుడే ఆల్టర్నేట్ లీడర్‌గా ఇంకొకరి పేరు కూడా పెట్టండి, తీరా ఆ రోజు మీకు ఆఫీసులో ఏదైనా తగులుకుంటే మిగతావాళ్ల ట్రిప్ ఆగిపోదు.