కాలేజీ పిల్ల తనే ఫైల్ చేసేసింది, నా రిటర్న్ రిజెక్ట్ అయ్యింది

డాలస్_నాన్న: 2024 అమెరికా టాక్స్ రిటర్న్ రాత్రి పంపాను, తెల్లారేసరికి రిజెక్ట్. అమ్మాయికి 20 ఏళ్లు, ఆస్టిన్‌లో చదువుతోంది. ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లో 9,000 డాలర్లు వచ్చాయి. కట్ అయిన టాక్స్ వెనక్కి వస్తుందని తనే ఫైల్ చేసుకుంది. వేరేవాళ్లు తనని డిపెండెంట్‌గా, అంటే తమ మీద ఆధారపడ్డ మనిషిగా, చూపించుకోవచ్చు అన్న చోట టిక్ పెట్టలేదు. అంత సంపాదిస్తే డిపెండెంట్ కాదట, నిజమేనా? ఫీజు, అద్దె, ఫోన్ బిల్లు అన్నీ నావే.

మిర్చి_బజ్జి: ఆ టిక్ మీద మా వాడికీ నాకూ వారం రోజులు మాటల్లేవు. మనం చూపించుకున్నామా అని కాదు, చూపించుకునే వీలుందా అని అడుగుతారక్కడ.

ఓరుగల్లు_అబ్బాయి: మరి అమ్మానాన్నల సంగతి? వరంగల్‌లో ఉంటారు, నెలనెలా నేనే పంపిస్తా.

మిర్చి_బజ్జి: కుదరదు. సిటిజన్లో ఇక్కడి రెసిడెంట్లో అయ్యుండాలి. కెనడా, మెక్సికోల్లో ఉంటే ఒప్పుకుంటారు.

ఓరుగల్లు_అబ్బాయి: కన్నవాళ్లకు నేను పెట్టేది ఖర్చు కాదా? మెక్సికో అయితే ఖర్చా?

సియాటిల్_కోడలు: మా అత్తయ్యను నేను చూపించాను. విజిటర్ వీసానే.

మిర్చి_బజ్జి: విజిటర్ వీసాతో రెసిడెంటా? ఇలాంటివి రాసి పదిమందినీ ముంచకండి.

సియాటిల్_కోడలు: మాటలు జాగ్రత్త అండీ. చూసేది వీసా కాదు, రోజులు. ఆ ఏడాది ఇక్కడ 190 రోజులున్నారు, రెసిడెంట్ లెక్కకి కావాల్సిన 183 దాటింది. పొడిగింపు తీసుకుని ఉన్నారు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకిచ్చే టాక్స్ నంబర్, ఐటిన్‌కి డబ్ల్యూ-7 ఫారం కూడా పెట్టాం.

లెక్కల_మాస్టారు: పద్నాలుగేళ్లుగా ఏటా సీజన్‌లో ఉచితంగా రిటర్న్‌లు చేసిపెడుతున్నాను. ఆవిడ చెప్పింది కరెక్టే, కానీ రోజులొక్కటే చాలవు. 2024కి వాళ్ల ఆదాయం 5,050 డాలర్లలోపు ఉండాలి, సగానికి మించి ఖర్చు మీరే పెట్టాలి. రెసిడెంట్ అయ్యాక ఇండియా పెన్షన్ కూడా మామూలుగా ఆదాయమే.

సియాటిల్_కోడలు: మామయ్య పెన్షన్ నెలకు 45,000 రూపాయలు. ఏడాదికి ఆరువేల డాలర్లు దాటుతుంది. ఆయన్ని చూపించకపోవడమే మంచిదైంది.

డాలస్_నాన్న: అయ్యా, నేను మా అమ్మాయి గురించి అడిగాను. టెన్షన్‌తో నిద్ర లేదు.

లెక్కల_మాస్టారు: ఆ 5,050 లిమిట్ మీ పిల్లకు వర్తించదు. ఫుల్‌టైమ్ చదువు, 24 నిండలేదు, హాస్టల్లో ఉన్నా మీ ఇంట్లో ఉన్నట్టే. తన ఖర్చులో సగానికి మించి తనే పెట్టుకుందా? లేదంటే మీ డిపెండెంటే. తనని రిటర్న్ దిద్దుకునే 1040-ఎక్స్ ఫారం వేసి సరిదిద్దమనండి, మీ రిటర్న్ మీరు పేపర్ మీద పంపండి.

డాలస్_నాన్న: ఇప్పుడే ఫోన్ చేశాను. 9,000లో 7,000 బ్యాంకులోనే ఉన్నాయట, ముట్టుకోలేదు. అంటే తన ఖర్చుకి తను పెట్టుకుంది రెండు వేలే. శనివారం ఇంటికొస్తానంది, ఇద్దరం కూర్చుని నింపుతాం.