చేతి మీద పచ్చగా కనిపించేవి నరాలేనా?

ప్రశ్న: మొన్న రక్తం తీసేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంది. మా అమ్మాయి పాఠంలో మాత్రం నరమంటే మెదడు కబుర్లు మోసేదని ఉంది. ఏది నిజం?

జవాబు 1: పాఠమే నిజమండీ. సూది గుచ్చేది సిరలో, అంటే చేతి మీద పచ్చగా కనిపించే, గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టంలో. వాడుకలో దాన్నీ నరమనే అంటాం. అసలు నరం పైకి కనపడదు. మోచెయ్యి గడపకి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది చూడండి, అదీ నరం! పేరు అల్నార్. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ దానిదే.

జవాబు 2: మరి నాడి? డాక్టరు మణికట్టు దగ్గర పట్టి చూసేది ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టం. పుస్తకాల్లోనేమో నాడి అంటే నరమే: మెదడు నుంచి వచ్చే 12 జతల కపాల నాడులు, 31 జతల వెన్ను నాడులు. ఒకే మాటకి రెండు ఉద్యోగాలు.

అడిగినవారు: ఇప్పుడే మోచెయ్యి బల్లకి కొట్టి చూశా. ఉంగరపు వేలు నిజంగానే సగమే తిమ్మిరెక్కింది!