మంచు తీయడానికి ట్రాక్టరా, ప్లో బిగించిన ఫోర్‌వీల్ ట్రక్కా? తేల్చండి

తెనాలి_టు_బఫెలో:
అన్నలూ, న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలోకి దక్షిణాన ఊరి బయట ఇల్లు కొన్నాం, గరాజ్ నుంచి రోడ్డు దాకా 250 మీటర్ల గ్రావెల్ డ్రైవ్‌వే, చివర్లో రోడ్డు మీదకి దిగే వాలు. లేక్ ఎఫెక్ట్ స్నో (పెద్ద సరస్సు మీద నుంచి వచ్చే చలిగాలి కుమ్మరించే మంచు) అంటే ఏంటో పోయిన చలికాలం తెలిసొచ్చింది, పొద్దున లేచి చూస్తే మెయిల్‌బాక్స్ కనపళ్ళేదు. ముప్పాతిక టన్ను ఫోర్‌బైఫోర్ ట్రక్కు ఉంది, దానికే ముందు ప్లో (మంచుని తోసే బ్లేడు) బిగించాలా, లేక పాతిక హెచ్‌పీ చిన్న ట్రాక్టరూ వెనకాల మంచుని ఎత్తి దూరంగా విసిరే స్నోబ్లోయరూ కొనాలా? మా ఆవిడేమో రెండూ వద్దు, మళ్ళీ అపార్ట్‌మెంట్‌కి పోదాం అంటోంది.

ప్లో_మావ:
ఉన్న ట్రక్కు పెట్టుకుని ట్రాక్టర్ ఎందుకయ్యా. 12 ఏళ్ళుగా నాది ట్రక్కే. క్యాబ్‌లో హీటరు, చేతిలో కాఫీ, పావుగంటలో పని అయిపోద్ది. బ్లోయర్ వెనకుంటే గంటసేపు మెడ తిప్పి రివర్స్‌లో తోలాలి, మర్నాడు ఆ మెడ ఇటు తిరగదు. కాకపోతే ప్లో బరువంతా ముందు పడుద్ది కాబట్టి వెనక యాక్సిల్ అవతల ఇసక బస్తాలు వేసుకో.

ఓరుగల్లు_పిలగాడు:
మావా, ప్లో జరుపుతది గంతే, ఎత్తది, ఇసరది. డిసెంబర్ల రెండు పక్కల కట్ట పోస్తవు, అది గడ్డకట్టి రాయైతది, ఫిబ్రవరి నాటికి డ్రైవ్‌వే సగమైతది, ఇగ నూకనీకి జాగ ఏడిది? 2022 నవంబర్ల మీ బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్ దిక్కు 80 అంగుళాల దాకా పడ్డది గదా, గంత మంచుల ప్లో ఏం జేస్తది? బ్లోయరైతే ఆ కట్ట మీదికెళ్ళి అవతల పారేస్తది.

ప్లో_మావ:
80 అంగుళాలు ఏటా పడుద్దేంటి? మొదటి మంచుకే గట్టుని నాలుగైదు అడుగులు అవతలికి తోసి ఉంచుకోవాలి, అది చెయ్యనోళ్ళకే ఈ ఏడుపు. అయినా అతనిది గ్రావెల్ అబ్బాయ్. బ్లోయర్ ఒక్క రాయి మింగిందంటే షియర్ బోల్ట్ (మిషన్ పాడవకుండా ముందు తానే తెగే బోల్ట్) పుటుక్కున తెగుద్ది. మైనస్ 15లో వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆ బోల్ట్ మార్చావా ఎప్పుడైనా?

ఓరుగల్లు_పిలగాడు:
మార్చిన, ఒక్క చలికాలంల నాలుగుసార్లు. అటెన్క స్కిడ్ షూస్ (బ్లోయర్ రెండు పక్కల నేల మీద జారే ఇనుప పాదాలు) ఒక అంగుళం దించి పెట్టిన, అంచు నేలకి తాకకుంట పోతది. మొదటి రెండు మంచులు తియ్యకుంట కార్లతోని తొక్కించి గట్టి చేస్తే గ్రావెల్ లేవది.

రోచెస్టర్_రెడ్డి:
మీరిద్దరూ ఆ వాలు సంగతి వదిలేశారు. నా అనుభవం చెప్తా. రెండేళ్ళ కిందట ఫోర్‌వీల్ ఉంది కదా అని ధీమాగా దిగా, కింద ఐసు, బ్రేకు తొక్కితే పెడల్ టకటక కొట్టుకుంటోంది గానీ బండి మాత్రం పెళ్ళి ఊరేగింపులా మెల్లిగా, తిన్నగా, పోయి పోయి ఎదురింటోళ్ళ మెయిల్‌బాక్స్‌ని పడేసింది. ఫోర్‌వీల్ కదలడానికే, ఆగడానికి కాదు. ఆల్ సీజన్ టైర్లు 7 డిగ్రీల కిందకి పోతే బిగుసుకుంటాయి, ముందు నాలుగూ వింటర్ టైర్లు వేయించు, ట్రాక్టరా ట్రక్కా తర్వాత సంగతి.

ఓరుగల్లు_పిలగాడు:
రెడ్డన్నా ట్రక్కుకైతే నువ్వన్నది నిజమే, ట్రాక్టర్‌కి నడవదు. చిన్న ట్రాక్టర్లల్ల బ్రేకులు శానా మట్టుకు ఎనక చక్రాలకే ఉంటయి. ముందల లోడర్ బకెట్ నిండ మంచు ఏసుకొని టూవీల్‌ల వాలు దిగినవనుకో, ఎనక తేలిపోతది, బ్రేకు తొక్కినా పట్టది. ఫోర్‌వీల్ ఏస్తే ముందు యాక్సిల్ ఎనకదానితోని జోడై నాలుగు చక్రాలు ఆపుతయి. వాలు మీద ట్రాక్టర్‌ని ఫోర్‌వీల్ తీసి దింపుడంటే నూకుడే.

ప్లో_మావ:
ఐసు మీద నాలుగూ జారితే?

ఓరుగల్లు_పిలగాడు:
జారుతది, గందుకే చైన్లు. ఆ వెడల్పు బ్లాకుల ఇండస్ట్రియల్ టైర్లు ఐసు మీద సబ్బుబిళ్ళ లెక్కనే.

తెనాలి_టు_బఫెలో:
చైన్లంటే గుర్తొచ్చింది, మొన్న వీడియో కాల్‌లో మా నాన్నకి ఫొటో చూపిస్తే "ఇవేంట్రా బుల్లి దమ్ము చక్రాల్లా ఉన్నాయి" అన్నాడు. ఆయన లెక్కలో బురదైనా మంచైనా ఒకటే, చక్రానికి పట్టు ఉండాలి, వెనక బరువు ఉండాలి. టైర్లలో నీళ్ళు పోయించు, మన ఊళ్ళో అందరూ అదే చేస్తారు అన్నాడు. ఇక్కడ కూడా పోస్తారా?

ఓరుగల్లు_పిలగాడు:
నీళ్ళు పోస్తివంటే టైర్లనే గడ్డకడుతది తమ్మీ. ఈడ బీట్‌రూట్ రసమో, అద్దాలు కడిగే వాషర్ ఫ్లూయిడో పోస్తరు. ఇంకోటి, డీజిల్‌ల యాంటీజెల్ (చలికి డీజిల్ చిక్కబడకుంట ఆపే మందు) చలి రాకముందే కలపాలె. జెల్లయినంక కలిపితే ఫాయిదా లేదు, పొద్దుగాల ఫిల్టర్‌ల మైనం పట్టి బండి లేవది.

ప్లో_మావ:
చూశావా, ట్రాక్టర్ కొంటే చైన్లు, బీట్‌రూట్ రసం, యాంటీజెల్, షియర్ బోల్టులు. అది బండి కాదయ్యా, అల్లుడు. నా ట్రక్కు కీ తిప్పితే లేస్తది.

రోచెస్టర్_రెడ్డి:
మావా, పోయినేడు ట్రాన్స్‌మిషన్ వేడెక్కి రోడ్డు మీద ఆగిపోయిందని ఇక్కడే రాశావు.

ప్లో_మావ:
అది వేరే విషయం.

తెనాలి_టు_బఫెలో:
సరే, శనివారం ట్రాక్టర్ చూడ్డానికి పోతున్నా, క్యాబ్ ఉన్నదే చూస్తా, మెడ ఎలాగూ పోద్ది, కనీసం చెవులైనా మిగులుతాయి. ట్రక్కుకి ఈ వారమే వింటర్ టైర్లు. ఓరుగల్లన్నా, ట్రాక్టర్ లోడర్‌కి తగిలించే చిన్న ప్లో కూడా దొరుకుద్దంట కదా, రెండంగుళాలు పడ్డ రోజుకి అది చాలుద్దా? మావా, నీ దగ్గర పాతదేమన్నా ఉంటే చెప్పు.

ప్లో_మావ:
ఉంది. ట్రక్కుకైతేనే ఇస్తా.