ఊడలు అరచేతిలో కలిసిపోయే స్టెయిన్డ్ గ్లాస్ పలక: సన్నని ఊడలు ఎలా కోయాలి?

ప్రశ్న (రంగుగాజు):
పలక 40×60 సెం.మీ. పైనుంచి మర్రి ఊడలు దిగి, కింద మనిషి అరచేతిలో నరాలుగా మారాలి. చెట్టు ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియకూడదు. గాజు 3 మి.మీ., కాపర్ ఫాయిల్ పద్ధతి (ముక్కల అంచులకు రాగి రేకు చుట్టి టంకంతో అతకడం). ఊడలను 4 మి.మీ. వెడల్పు ముక్కలుగా కోస్తుంటే సగం విరిగిపోతున్నాయి. విరగనివాటికి ఫాయిల్ చుడితే గాజే కనబడటం లేదు. లోతైన వంపులున్న ముక్కలు గ్రైండర్ మీద పగులుతున్నాయి.

జవాబు (టంకం):
ఊడలను అసలు గాజులో కోయకండి. టంకం గీతనే ఊడ చేయండి.

7/32 అంగుళాల ఫాయిల్ అంటే దాదాపు 5.6 మి.మీ. గాజు మందం 3 పోతే ఒక్కో వైపుకు 1.3 మి.మీ. మడత పడుతుంది. 4 మి.మీ. ముక్కకు రెండంచులా అంత పోతే మిగిలేది 1.4 మి.మీ. ఇక గాజు ఏం కనబడుతుంది?

కొసలకు 3/16, నడుమ 7/32, మొదళ్లకు 3/8 అంగుళం వాడండి. ఫాయిల్‌ను బాగా రుద్ది అతికించాక, పదునైన కత్తితో అంచును ఏటవాలుగా కోస్తే గీత ఊడలాగే సన్నబడుతూ పోతుంది. గాజు పారదర్శకమైతే నల్ల వెనుకవైపున్న ఫాయిల్ తీసుకోండి. లేకపోతే పక్కనుంచి చూసినప్పుడు రాగి మెరుస్తుంది. నల్ల పాటినా (టంకాన్ని నల్లబరిచే ద్రావణం) పూసే ముందు ఫ్లక్స్ (టంకం అతకడానికి రాసే మందు) పూర్తిగా కడగాలి, కాస్త మిగిలినా మచ్చలు పడతాయి.

జవాబు (కొలిమి):
పై జవాబు ఊడల వరకు సరిపోతుంది. అరచేతిలో మాత్రం నరాలు గాజు లోపలి నుంచే రావాలి, ఈ పలక ప్రాణం అక్కడే ఉంది. ఫ్లాష్డ్ గ్లాస్ తీసుకోండి: రంగులేని గాజు మీద పల్చని రంగు పొర ఉంటుంది. పొర ఏ వైపుందో అంచును వెలుతురులో చూస్తే తెలుస్తుంది. నరాల చోట వినైల్ అంటించి మిగతాది శాండ్‌బ్లాస్ట్ చేయండి, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు పొర తీయండి. ఒక్కసారే లోతుకు పోకుండా, వినైల్‌ను విడతలవారీగా తీస్తూ పోతే ముదురు నుంచి లేతకు మెల్లగా మారుతుంది. అమెరికా కళాకారిణి జూడిత్ షెక్టర్ బొమ్మల్లో ఆ లోతు ఇలా చెక్కిన ఫ్లాష్డ్ గాజును పొరలుగా పేర్చడం వల్లే వస్తుంది. గాజును కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు, అది చర్మంలోంచి ఎముకదాకా దిగుతుంది.

జవాబు (టంకం):
వంపుల సంగతి: చివరి గీతను ఒకేసారి విరవొద్దు. ముందు లోతు తక్కువ వంపులు రెండు మూడు గీసి, ఒక్కొక్కటిగా ప్లయర్‌తో తీయండి. గీసిన గీత మీద మళ్లీ కట్టర్ పోనివ్వకండి. లోపలి మూల మొనదేలి ఉంటే పగులు అక్కడే పుడుతుంది, కాస్త గుండ్రం చేయండి. గ్రైండర్ స్పాంజి ఎండితే గాజు వేడెక్కి చిట్లుతుంది, నీళ్లు చూసుకోండి.

ఇంకొకటి. మణికట్టు దగ్గర గీత ఒక అంచు నుంచి రెండో అంచుదాకా సూటిగా పోతే పలక అక్కడ మడత పడుతుంది. ఆ గీతను ఊడలతో మెలిపెట్టండి. నిలువు కీళ్లలో ఫాయిల్ మధ్య సన్నని రాగి పట్టీ దూర్చి టంకం వేయండి, రెండు కొసలూ జింక్ చట్రానికి అతకాలి.

రంగుగాజు:
అయితే మణికట్టు గీత మార్చి, నమూనా మళ్లీ గీస్తాను. పట్టీకి ముక్కల మధ్య ఎంత సందు వదలాలి?

టంకం:
పట్టీ మందమంతే. బిగుతుగా దూరాలి.