ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగానే ఉంది: బోర్డు మార్చాల్సిందేనా?

బ్రాడీపేట_నాలుగోలైను (ప్రశ్న)

గుంటూరు నుంచి అడుగుతున్నాను. నాలుగేళ్ల నాటి ల్యాప్‌టాప్. మొన్న గాలివానకి కరెంటు పోయి వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. అప్పటి నుంచి ఆన్ కావడం లేదు. ఛార్జర్ పెడితే పక్కన లైటు వెలుగుతోంది. పవర్ బటన్ నొక్కితే కీబోర్డు లైటు వచ్చి, ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగిపోతుంది. కొన్ని సెకన్లకి దానంతటదే మళ్లీ తిరుగుతుంది. తెర మీద కంపెనీ గుర్తు కూడా రాదు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నొక్కినా ఇంతే. 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఫైళ్లు ఉండేది 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో. నీళ్లు పడలేదు, కింద పడలేదు.

అరండల్‌పేటలో ఒక షాపులో చూపిస్తే విప్పకుండానే "బోర్డు (మదర్‌బోర్డు) పోయింది, 11 వేలు అవుతుంది" అన్నారు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఒప్పుకునేముందు ఇంట్లో చూసుకోగలిగినవి ఉంటే చెప్పండి. చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ ఉన్నాయి.

చిప్‌లెవెల్_గవర్నర్‌పేట

విప్పి చూడకుండా బోర్డు సంగతి ఎవరూ తేల్చలేరండి. ఆ 11 వేలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మీ లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, కీబోర్డు వెలుగుతోంది, బ్యాటరీ మీద కూడా అంతే. కాబట్టి కరెంటు లోపలికి వెళ్తోంది. ఛార్జర్, ఛార్జింగ్ జాక్ మీద అనుమానం అక్కర్లేదు. ఆన్ చేయగానే బయోస్ (విండోస్ కన్నా ముందు బోర్డుని లేపే ప్రోగ్రాము) మొదట చేసే పనుల్లో ర్యామ్‌ని గుర్తుపట్టి సిద్ధం చేసుకోవడం ఒకటి. అది కుదరకపోతే తెరకి బొమ్మ పంపే దశ దాకా పోదు, మళ్లీ మొదటికొస్తుంది. ఫ్యాన్ ఆగి ఆగి తిరగడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. అందుకని ముందు ర్యామ్ చూడండి.

ఛార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేయండి. కింది మూత స్క్రూలు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో కాగితం మీద అదే వరుసలో పెట్టుకోండి. వాటి పొడవులు ఒకేలా ఉండవు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన చేతులు ఆనించే ప్లాస్టిక్ ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. కొన్ని మోడళ్లలో రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉంటాయి. మూత రావట్లేదంటే బలం పెట్టకుండా అక్కడ చూడండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇక దేన్నీ కదపకుండా అక్కడితో ఆపేయండి.

మూత తీశాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఇనుప వస్తువు వాడకుండా గోటితో లాగండి. తర్వాత పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జ్ పోతుంది. ఒక్కోసారి ఈ పనితోనే మెషీన్ లేస్తుంది.

ర్యామ్ రెండు పక్కలా ఉన్న క్లిప్పులు బయటికి జరిపితే అది ఏటవాలుగా పైకి లేస్తుంది. బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొడి బ్రష్‌తో దులపండి. ఉప్పుకాగితం మాత్రం వద్దు, పైపూత లేచిపోతుంది. స్లాటులో దుమ్ము ఉంటే ఊదే బల్బుతో కొట్టండి. నోటితో ఊదితే తడి చేరుతుంది. మళ్లీ ఏటవాలుగానే లోపలి దాకా తోసి, క్లిక్ అనేదాకా కిందికి నొక్కండి.

ఇక ఒక్క ర్యామ్ ఒక్క స్లాటులో పెట్టి, బ్యాటరీ కనెక్టర్ మళ్లీ తగిలించి ఆన్ చేయండి. రెండు ర్యామ్‌లు, రెండు స్లాట్లు కనుక నాలుగు జోడీలు వస్తాయి. నాలుగూ చూడాలి. ప్రతిసారీ ముందు ఛార్జర్, బ్యాటరీ తీసి ఆ తర్వాతే ర్యామ్ మార్చండి. ర్యామ్ మారాక మొదటిసారి తెర రెండు మూడు నిమిషాలు నల్లగా ఉండొచ్చు. చాలామంది అక్కడే తొందరపడి బటన్ నొక్కి ఆపేస్తారు.

పటమట_సర్క్యూట్

కంపెనీ పేరు రాయలేదు మీరు. లైటు ఎలా మిణుకుతోందో చూడండి, మెషీనే చెబుతుంది. డెల్‌లో నారింజ రంగు రెండుసార్లు, తెలుపు మూడుసార్లు అయితే ర్యామ్ దొరకలేదని అర్థం. నారింజ రెండు, తెలుపు నాలుగైతే ర్యామ్‌లోనే లోపం. నారింజ మూడు, తెలుపు ఒకటి అయితే గడియారం సెల్లు (బోర్డు మీది చిన్న సెల్లు) పోయినట్టు. హెచ్‌పీ కొత్త మోడళ్లలో క్యాప్స్‌లాక్ పొడవుగా మూడుసార్లు, పొట్టిగా రెండుసార్లు వెలిగితే ర్యామ్ దగ్గర ఆగిందని. పొడవు రెండు, పొట్టి రెండైతే బయోస్ చెడింది.

ర్యామ్‌తో తేలకపోతే బయోస్ సంగతి చూడండి. చాలా డెల్ మోడళ్లలో ఛార్జర్ తీసి, కంట్రోల్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కి పట్టుకుని ఛార్జర్ గుచ్చాలి. హెచ్‌పీలో విండోస్, బీ కీలు పట్టుకుని పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కి వదలాలి, ఆ రెండు కీలు మాత్రం వదలకూడదు. రికవరీ తెర వస్తే బోర్డు బతికే ఉన్నట్టు.

గడియారం సెల్లు విడిగా ఉంటే మీటరుతో చూడండి. 3 వోల్టులు రావాలి, రెండున్నరకి దిగితే మార్చేయండి. ఎస్‌ఎస్‌డీ తీసేసి కూడా ఒకసారి ఆన్ చేయండి. అది షార్ట్ అయినా మెషీన్ లేవదు.

లైటే రాని మెషీన్ అయితే ఛార్జర్ వోల్టేజీ చూడాలి. మీటరు 200 డీసీ స్కేలులో పెట్టండి. గుండ్రటి పిన్ను ఛార్జర్లలో లోపలిది ప్లస్, బయటిది మైనస్, 19 నుంచి 20 వోల్టులు రావాలి. మధ్యలో సన్నని సూది ఉంటే అది ఛార్జర్‌ని గుర్తుపట్టడానికి, మీటరు కొనతో ఆ సూదిని పిన్ను లోపలి గోడకి కలపకండి. టైప్-సీ ఛార్జర్ సంగతి మీటరుతో తేలదు, మెషీన్‌తో మాట కలిస్తేనే అది పూర్తి వోల్టేజీ ఇస్తుంది.

సింగ్‌నగర్_డేటా

అన్నిటికన్నా ముందు ఫైళ్లండి. ఎస్‌ఎస్‌డీకి ఒక్క స్క్రూ ఉంటుంది. విప్పి యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటరుకి తగిలించండి. కేసు కొనేముందు ఎస్‌ఎస్‌డీ మీద ఎన్‌వీఎంఈ అని ఉందో, సాటా అని ఉందో (ఇవి రెండు రకాల కనెక్షన్లు) చదవండి, ఒకదాని కేసులో రెండోది పనిచేయకపోవచ్చు. తాళం గుర్తు వస్తే అది బిట్‌లాకర్, అంటే విండోస్ డ్రైవుకి వేసే తాళం. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలావరకు అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది, ఫోన్‌లోంచి తెరిచి రాసుకోండి. బోర్డు మార్చాక కూడా ఇదే కీ అడుగుతుంది. అందుకే మెషీన్ ఎవరికైనా ఇచ్చేముందే కీ చేతిలో ఉండాలి.

మీకు నీళ్లు పడలేదన్నారు, అది మంచి మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపులో తడిసినలాంటి మెషీన్లకైతే ఈ పద్ధతులేవీ వర్తించవు. వాటిని ఆన్ చేయకుండానే బ్యాటరీ తీసి, బోర్డు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి.

బ్రాడీపేట_నాలుగోలైను

ఫైళ్లు కాపీ అయ్యాయి, చాలా థాంక్స్ అండి. ర్యామ్‌లు రెండూ మంచివే. బ్యాటరీ వైపు స్లాటులో ఏది పెట్టినా నల్ల తెరే. రెండో స్లాటులో ఏది పెట్టినా విండోస్ దాకా వస్తోంది. ఇప్పుడేం చేయమంటారు?

చిప్‌లెవెల్_గవర్నర్‌పేట

అయితే తేడా ఒక్క స్లాటు దగ్గరే. టార్చి వేసి లోపల పిన్నులు వరుసగా ఉన్నాయో, ఏదైనా వంగిందో చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక ఇంకోసారి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే స్లాటు కాళ్ల టంకం వదిలి ఉండొచ్చు. బోర్డు పని తెలిసినవాళ్లు దాన్ని మళ్లీ అతుకుతారు, లేదా స్లాటు ఒక్కటే మారుస్తారు. పూర్తి బోర్డు మార్చాలంటే మాత్రం ఎక్కడ షార్ట్ ఉందో, ఏ వోల్టేజీ రావట్లేదో మీటరు పెట్టి చూపించమనండి.

అంతకన్నా తేలిక దారి 16 జీబీ ర్యామ్ ఒక్కటే కొని మంచి స్లాటులో పెట్టుకోవడం. రెండు స్లాట్లు ఉన్నప్పటి వేగం కాస్త తగ్గుతుంది, ప్రాజెక్టు పనికి ఇబ్బంది ఉండదు. కొనేముందు పాత ర్యామ్ మీది స్టిక్కరు ఫొటో తీసి చూపించండి. ర్యామ్‌లో రకాలుంటాయి, డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 దిగదు, గాడి వేరేచోట ఉంటుంది. ఒక స్లాటు 16 జీబీ తీసుకుంటుందో లేదో కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కొట్టి చూసుకోండి. పెట్టిన రోజు రాత్రి మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాము) నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా బిల్లుతో సహా వెనక్కి ఇచ్చేయండి.