సెకండ్ హ్యాండ్ బోటు మీద కంపెనీ స్టిక్కర్లు: దేంతో తీయాలి?

డాలస్ నుంచి:
అందరికీ నమస్కారం. విశాఖ నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండు పక్కలా కంపెనీ పేరు, ఎర్ర చారలు ఎండకి పగిలి పెచ్చులు లేస్తున్నాయి. బ్లేడుతో గీకితే గీతలు పడతాయని భయం. దేంతో తీస్తే మంచిది?

హ్యూస్టన్ నుంచి:
తమ్ముడూ, ముందు ఏవి తీయకూడదో తెలుసుకో. బోటు వెనక గోడ మీద కుడిపక్క పైన అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే హల్ నంబరు (హల్ అంటే బోటు బాడీ) ఉంటుంది. దాన్ని చెరపడం చట్టరీత్యా తప్పు. ఎంతమంది ఎక్కాలి, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ అని రాసిన కెపాసిటీ ప్లేటు చాలా బోట్లకి స్టిక్కరే, అదీ ముట్టుకోకు. ముందు భాగంలో టీఎక్స్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు రెండు పక్కలా ఉండాలి. అక్షరాలు కనీసం 3 అంగుళాల ఎత్తు, హల్ రంగు మీద స్పష్టంగా కనబడాలి.

ఎందుకింత చెప్తున్నానంటే, మాకు బోటు అమ్మినాయన పక్కలన్నీ సాండింగ్ చేయించి, హల్ నంబరు మీద కూడా పెయింట్ కొట్టించాడు. టైటిల్, అంటే ఓనర్‌షిప్ కాయితం, నా పేరు మీదికి మార్చుకోడానికి నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసుకెళ్లాను. కౌంటర్లో ఆవిడ చివరి రెండు అంకెలు కనబడటం లేదు, ఫోటో తెమ్మంది. ఫోటో తీసుకెళ్తే ఇంకొకాయన ఫోటో చెల్లదు, పెన్సిల్‌తో రుద్దిందే కావాలన్నాడు. ఆవిడే ఫోటో తెమ్మంది కదా అంటే, ఆవిడ ఇవాళ సెలవు అన్నాడు. ఆఖరికి గేమ్ వార్డెన్ (వేట, చేపలు, బోట్ల చట్టాలు చూసే అధికారి) వచ్చి చూసి సంతకం పెట్టాక గానీ పని అవలేదు. ఆ వేసవంతా బోటు ట్రైలర్ మీదే. పైగా టెక్సస్‌లో ఔట్‌బోర్డ్ మోటారుకి, అంటే బోటు వెనక బయట తగిలించే మోటారుకి, వేరే టైటిల్. నీకు అదీ వచ్చిందో లేదో ఇవాళే చూసుకో.

మిన్నెసోటా నుంచి:
అన్నగారు చెప్పినవి తప్పకుండా చూసుకోండి. ఇక తీయడం సంగతి. సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల వేడి చేయండి, చెయ్యి పెడితే ఓర్చుకునేంత చాలు. గోరుతో అంచు లేపి, స్టిక్కర్‌ని దానిమీదికే మడిచినట్టు వెనక్కి, నిదానంగా లాగండి. తొందరపడితే పైపొర చిరిగి జిగురు మిగిలిపోతుంది. రాని చోట ప్లాస్టిక్ బ్లేడు వాడండి, ఇనుప బ్లేడు వద్దు. మీ స్టిక్కర్ పెచ్చులుగా ఊడేటట్టుంది కాబట్టి డ్రిల్‌కి తగిలించే రబ్బరు చక్రం కూడా కావలసి రావచ్చు. తక్కువ స్పీడులో, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. జిగురుకి మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలచన చేసే ద్రావకం), తెల్ల గుడ్డ.

హ్యూస్టన్ నుంచి:
రబ్బరు చక్రమెందుకు? హీట్ గన్ పెడితే పెచ్చులు కూడా లేస్తాయి. జిగురుకి ఎసిటోన్ (నెయిల్ పాలిష్ తీసే ద్రావకం). ఒక పూటలో అయిపోతుంది.

మిన్నెసోటా నుంచి:
హీట్ గన్ వేడి ఒకేచోట తగిలితే జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీది మెరిసే పైపొర, పసుపుపచ్చగా మారుతుంది, బుడగలు కూడా లేస్తాయి. ఎసిటోన్ జెల్‌కోట్ మీద ఒకసారి తుడిచి తీసేస్తే ఫరవాలేదేమో గానీ, పెయింట్‌ని కరిగిస్తుంది. ఇక్కడ మా అల్యూమినియం బోట్లన్నీ పెయింట్ వేసినవే. విండ్‌షీల్డ్ ప్లాస్టిక్ అయితే దాని మీద చుక్క పడినా పగుళ్లు వస్తాయి. ఇంకో మాట. మీ టెక్సస్‌లో చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది. తలుపు వేసుకుని ఎసిటోన్ వాడొద్దు, హీటర్ మంటకి ఆ ఆవిరి భగ్గుమంటుంది. దయచేసి బయటే చేయండి.

ఫీనిక్స్ నుంచి:
ఒకటి ఎవరూ చెప్పలేదు. స్టిక్కర్ పోయినా దాని ఆకారం హల్ మీద కనబడుతూనే ఉంటుంది. కింద ఎండ తగలని చోట పాత రంగు అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్నది వెలిసి సున్నం పూసినట్టు అయిపోతుంది. కాంపౌండ్‌తో (పైపొరని సన్నగా అరగదీసే పేస్టు) రుద్ది, పాలిష్ చేసి, వ్యాక్స్ పెట్టాలి. స్టిక్కర్ ఉన్నంత మేరే కాదు, ఆ పక్క మొత్తం చేయాలి. తెల్ల బోటయితే చాలావరకు కలిసిపోతుంది. ముదురు రంగయితే పూర్తిగా పోకపోవచ్చు, అప్పుడు అదే చోట కొత్త చారలు అంటించుకోవడం నయం.

డాలస్ నుంచి:
బోటు తెలుపే. హల్ నంబరు చూశాను, స్పష్టంగా ఉంది. మోటారు టైటిల్ మాత్రం ఇవ్వలేదు, ఇప్పుడే అమ్మినాయనకి ఫోన్ చేస్తున్నాను. స్టిక్కర్ మెత్తబడటానికి బోటుని ఎండలో పెట్టనా?

హ్యూస్టన్ నుంచి:
పొద్దున కాసేపు చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో జిగురు బంకలా సాగుతుంది, మినరల్ స్పిరిట్స్ తుడిచేలోపే ఆరిపోతాయి. టైటిల్ మీద ఆయన సంతకం మర్చిపోకు.