చేతిరాత క్రికెట్ పత్రికలు ఎలా తయారుచేసేవారు? మీ అనుభవాలు చెప్పండి

అటక మీది పెట్టె (గుంటూరు):
ఇల్లు మారుతూ పాత ట్రంకు పెట్టె దించినప్పుడు, 1983 నుంచి 1985 వరకు మేము నలుగురు మిత్రులం కలిసి నడిపిన క్రికెట్ పత్రిక సంచికలు పదకొండు బయటపడ్డాయి. 1983 జూన్ 25న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో మన జట్టు 183 పరుగులకే ఆలౌటైనా వెస్టిండీస్‌ను 140 దగ్గర ఆపిన తరువాతి వారంలోనే మొదటి సంచిక రాశాము. అదే ప్రపంచ కప్‌లో జింబాబ్వేపై కపిల్ దేవ్ చేసిన 175 పరుగుల ఇన్నింగ్స్‌ను మేమెవరమూ చూడలేదు. 17 పరుగులకు అయిదు వికెట్లు పోయిన జట్టు 266కు ఎలా చేరిందో దినపత్రికలోని స్కోరుబోర్డు నుంచే ఊహించుకొని రెండు పేజీల వ్యాసం కూర్చాము. ఇప్పుడు చదివినా అందులోని ఆవేశం నాకు ప్రియంగానే ఉంది. మాది కార్బన్ కాగితంతో తీసిన పత్రిక. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాస్తే మూడు ప్రతులు చక్కగా వచ్చేవి, నాలుగోది చదవడం కష్టమయ్యేది. మీరు ప్రతులు ఎలా తీసేవారు? వీటిని భద్రపరిచే మార్గం కూడా తెలుపగలరు.

స్టెన్సిల్ చేతివాటం (వరంగల్):
మేము సైక్లోస్టైల్ చేయించేవాళ్ళం, అంటే స్టెన్సిల్‌లో గీసిన గీతల గుండా సిరా దిగి కాగితంపై అచ్చు పడే చేతి యంత్రం. తెలుగు టైపు మిషను అందుబాటులో లేనందువల్ల, మైనం పూసిన స్టెన్సిల్ కాగితాన్ని గట్టి పలక మీద పరచి ఉక్కు మొన ఉన్న కలంతో అక్షరాలు గీయవలసి వచ్చేది. తెలుగు లిపి గుండ్రన కావడంతో అసలు కష్టం అక్కడే మొదలయ్యేది: సున్నాను పూర్తిగా చుడితే మధ్య ముక్క ఊడిపోయి, అచ్చులో అక్షరం బదులు నల్లని చుక్క పడేది. అందువల్ల సున్నాలోనూ ఠకారంలోనూ వెంట్రుకవాసి ఖాళీ వదిలి రాయడం అలవాటు చేసుకున్నాము. స్కోరు పట్టికకు నిలువు గీతలు ఒకే ఊపులో గీస్తే యంత్రం తిరిగేటప్పుడు స్టెన్సిల్ ఆ గీత వెంబడే చిరిగేది కనుక, గీతలకు బదులు చుక్కల వరుసలు పెట్టేవాళ్ళం. తప్పు పడితే ద్రవం పూసి, ఆరిన తరువాత దాని మీదే మళ్ళీ రాసేవాళ్ళం. సిరా తడిగా ఉండగానే కాగితాలు ఒకదానిపై ఒకటి పడితే వెనుక వైపు మరక అంటుతుంది. అందుకే ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే మరొకరు ప్రతి కాగితం మధ్యా పాత కాగితం పెడుతూ ఉండాలి. పొరుగూరి పాఠకులకు కవరు అంటించకుండా బుక్ పోస్టులో పంపేవాళ్ళం.

అజహర్ అభిమాని (హైదరాబాద్):
మా పత్రికకు జిరాక్సే ఆధారం. అజహరుద్దీన్ తన మొదటి మూడు టెస్టుల్లోనూ, కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూరులో 122 చేసిన ఆ శీతాకాలంలో మేము ప్రత్యేక సంచిక వేశాము. పత్రికల నుంచి కత్తిరించిన ఫొటోలు జిరాక్సులో నల్లని ముద్దలుగా వచ్చేవి కాబట్టి, మా బృందంలో బొమ్మలు వేయగల అమ్మాయి ఆ మణికట్టు తిప్పే ఫ్లిక్‌ను ఇండియన్ ఇంకుతో గీతల్లోనే చూపించింది. మా సంచికలో అన్నిటికన్నా విలువైన పుట అదేనని నా గట్టి అభిప్రాయం.

పాత కాగితాల సంరక్షకుడు (విజయవాడ):
గుంటూరు మిత్రులు ముందుగా తుప్పు పట్టిన పిన్నులను నెమ్మదిగా తీసివేయండి. ఆ తుప్పే కాగితాన్ని తింటుంది. సెల్లోటేపు మాత్రం వాడవద్దు, అది పసుపు పచ్చగా మారి మరక వదులుతుంది. ఫొటోలు మైదా జిగురుతో అంటించి ఉంటే పురుగు పట్టే ప్రమాదం ఉంది. మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి ఉడికించిన జిగురైతే కొంత నయం. స్కెచ్ పెన్ను రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక, పగటి వెలుగులో ఒకసారి ఫొటోలు తీసుకున్న తరువాత చీకటిలోనే ఉంచండి.

అటక మీది పెట్టె (గుంటూరు):
కృతజ్ఞతలు. పిన్నులు రేపే తీస్తాను. మాది మైలతుత్తం కలిపిన జిగురే, మా అమ్మగారు ఉడికించి ఇచ్చేవారు. ఎనిమిదో సంచిక మాత్రం పెట్టెలో లేదు. ప్రతి సంచిక చివరి పుటలో, అది ఏ ఇంటికి ఏ తేదీన చేరిందో పాఠకులే రాసే పట్టిక ఉండేది. ఎవరింట్లో ఆగిపోయిందో చెప్పగల ఆ పట్టిక కూడా సంచికతోనే పోయింది. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు అప్పట్లో చదివినవారు ఎవరైనా ఇక్కడ ఉంటే, నీలి అట్ట మీద ఎర్ర సిరాతో బంతి బొమ్మ ఉంటుంది, ఒకసారి ఇంట్లో వెతికి చూడగలరు.